రెజ్యూమెలో ఓ పాత కెమెరా

డబ్బులిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చి, ఇంటర్వ్యూలో ‘ఇందులో మీరేం చేశారు?’ అనగానే నీళ్లు నమిలేవాళ్లు చాలామందే. మీరు మెకానికల్ అయితే ఆ డబ్బుతో పనిచేయని సోవియట్ కెమెరా, ఫెడ్డో జోర్కీనో, ఒకటి కొనండి అంటాను. 1934లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో జర్మనీ లైకాను చూసి ఫెడ్ తయారుచేసిందెవరో తెలుసా? ఓ కమ్యూన్‌లో చేరిన అనాథలు, వీధి బాలలు!

బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు. స్ప్రింగులు, పళ్లచక్రాలు, రెండు గుడ్డ తెరలు, అంతే. జోర్కి-4కైతే వెనక మూత ఊడొస్తుంది. లెన్స్ తీసి ముందు నుంచి టార్చ్ వేయండి. తెరకు చిల్లులుంటే చుక్కల్లా వెలుతురు కనిపిస్తుంది. షట్టర్ పట్టేస్తే చాలాసార్లు కారణం ఎండిపోయిన గ్రీజే. ఒక్కటి గుర్తుంచుకోండి: షట్టర్ బిగించాకే స్పీడ్ మార్చాలి, లేదంటే లోపల దెబ్బతింటుంది. (మాన్యువల్ చదవని అలవాటు ఇక్కడ చెల్లదు!) విప్పే ముందు ప్రతి స్క్రూనూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

చవగ్గా ‘లైకా’ దొరికిందంటే ఆగండి. ఫెడ్, జోర్కిల మీద ఆ పేరు చెక్కి అమ్మడం పాత మోసమే. అప్పుచేసి కొనేదీ కాదిది. నలుగురు కలిసి ఒక్కటి కొంటే చాలు. బాగైతే ఫొటోలొస్తాయి. కాకపోతే, ఎందుకు కాలేదో మీరే రాసుకున్న రెండు పేజీలు ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి.