రీస్టార్ట్ చేస్తే మెమరీ లీక్ పోతుందా?

రిలీజు అయిన మర్నాడు హెచ్చార్ నుంచి ఓ మెయిలొచ్చింది. మూడు రోజుల ప్రకృతి రిట్రీట్‌ట. కొండలెక్కడం, పుష్టికరమైన వంట, హోలిస్టిక్ ఆరోగ్యం. కింద ఓ పచ్చటి ఆకు బొమ్మ. మనిషికి పద్దెనిమిదివేల అయిదొందలు, అంతా కంపెనీ ఖర్చే. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం కదా మనం, టీములో తొమ్మిదిమందిమీ బయల్దేరాం :-)

ముందే చెప్పేస్తున్నా, ఇది యాత్రా విశేషాల టపా కాదు. ఫొటోలు లేవు. కడుపు మండి రాస్తున్నాను.

అబద్ధం ఎందుకు, మూడు రోజులూ బ్రహ్మాండంగా గడిచాయి. విశాఖ నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వైపు వెళ్ళాం. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి లేపి పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కించారు. సూర్యుడొచ్చేసరికి మేఘాలన్నీ మా కాళ్ళకింద పాలు పొంగినట్టున్నాయి. దిగి వచ్చాక చోడి అంబలి (మన రాగుల్నే అక్కడ చోళ్ళంటారు), మధ్యాహ్నం అడ్డాకు విస్తళ్ళలో సామల అన్నం, వెదురు కొమ్ముల కూర. సిగ్నల్ లేదు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్ర. నేను అలా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు.

మరి కడుపుమంట ఎందుకంటారా? వస్తున్నా.

రోజూ సాయంత్రం ఓ 'హోలిస్టిక్ కోచ్' క్లాసు. ఒంట్లో విషాలు పేరుకుపోయాయని, మందులే రోగాలకి మూలమని, శరీరానికి తనని తాను బాగుచేసుకోవడం తెలుసని చెప్పేవాడు. మా టెస్ట్ లీడ్‌కి నలభై రెండేళ్ళు. నాలుగేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. మూడోరోజు కోచ్ అందరి ముందూ అతనికి బీపీ చూశాడు. 128/82. "చూశారా! ఇంకా ఆ రసాయనాలు అవసరమా మీకు?" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. అది రాయడానికే ఈ నాలుగు మాటలూ మొదలుపెట్టాను.

వెనక్కొచ్చి మాత్ర మానేశాడు. పన్నెండో రోజు రాత్రి ప్రొడక్షన్ కాల్‌లో ఉండగా తల పగిలిపోతోందని మధ్యలో లేచిపోయాడు. ఎమర్జెన్సీలో చూస్తే 210/130. స్ట్రోక్ అంచుదాకా వెళ్ళి వచ్చాడు. ఇప్పుడు బానే ఉన్నాడు. మర్నాడు వాళ్ళావిడ ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, మీరంతా అక్కడే ఉన్నారు కదా, ఒక్కరైనా వద్దని చెప్పలేదా?" అంది. ఏం చెప్పమంటారు?

తొమ్మిదిమంది ఇంజినీర్లం. ఆఫీసులో ఒకేసారి నాలుగు మార్పులు డిప్లాయ్ చేసి "నా ఫిక్స్ వల్లే సర్వర్ బాగుపడింది" అని ఎవడైనా అంటే వాడిని పీకి పందిరేస్తాం. అక్కడ జరిగింది అదే కదా! మనిషి ఎనిమిది గంటలు నిద్రపోయాడు, రోజూ నాలుగైదు గంటలు నడిచాడు, ఉప్పు తగ్గించి తిన్నాడు, పేజర్ మోగలేదు. అన్నిటికీ మించి, అప్పటికింకా మాత్ర వేసుకుంటూనే ఉన్నాడు! బీపీ తగ్గకపోతే ఆశ్చర్యపోవాలి. ఆ నంబర్ చూసి తీసెయ్యాల్సింది మాత్ర ఒక్కటేనని తేల్చాడు ఆ మహానుభావుడు. బుర్ర ఉన్న తొమ్మిదిమందిమి చప్పట్లు కొట్టాం.

బీపీకి సాధారణంగా ఏ లక్షణాలూ ఉండవు. మాత్ర ఆపిన మర్నాడు ఏమీ అనిపించదు. "లేకపోయినా హాయిగానే ఉందే" అనిపిస్తుంది. అలర్టులు ఆఫ్ చేసిన సర్వర్ కూడా ప్రశాంతంగానే ఉంటుంది. నడక, ఉప్పు తగ్గించడం, బరువు తగ్గడం వల్ల బీపీ నిజంగానే తగ్గుతుంది, కొందరికి డోసు తగ్గించొచ్చు కూడా. కానీ ఆ పని చెయ్యాల్సింది డాక్టరు, వారాల తరబడి కొలిచి చూసి.

"ప్రకృతి వైద్యాన్ని వెక్కిరిస్తున్నావా?" అని కొందరు నామీద పడతారని తెలుసు. కాస్త ఆగండి. మన దేశంలో ఈ ఉద్యమానికి తెలుగువాళ్ళతో పాత బంధమే ఉంది. జర్మనీకి చెందిన లూయీ కూనే పుస్తకాన్ని 1894లోనే ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. గాంధీగారు 1946లో పూనా దగ్గర ఉరుళీ కాంచన్ అనే పల్లెలో ప్రకృతి వైద్య ఆశ్రమం పెట్టారు. ముందు పూనాలోనే పెడదామనుకుని, పట్నంలో అయితే పేదవాడికి అందదని పల్లెకి మార్చారు. మట్టి, నీళ్ళు, ఎండ, మితమైన తిండి, డబ్బు లేనివాడికి కూడా దొరికేవి ఇవే కదా అన్నది ఆయన లెక్క. ఇప్పుడదే మట్టి, అదే ఎండ పద్దెనిమిదివేల అయిదొందలు.

ఇంకోటి. అదే గాంధీగారికి 1924 జనవరిలో, ఎరవాడ జైల్లో ఉండగా, అపెండిసైటిస్ వస్తే పూనా ససూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ అనే ఆంగ్లేయ డాక్టరు చేత ఆపరేషన్ చేయించుకున్నారు. మట్టిపట్టీ వేసుకుని కూర్చోలేదు. ఆయనకంటే పెద్ద ప్రకృతి భక్తుడా మన కోచ్?

హోలిస్టిక్ అంటే 'మొత్తం కలిపి చూడటం' అని కదా అర్థం. ఆ మొత్తంలో మాత్ర లేదా? ఆపరేషన్ లేదా? సగం తీసిపారేసి మిగతా సగానికి 'సంపూర్ణ' అని పేరు పెట్టడం ఏం న్యాయం?

ఇక్కడ మాకు వంట చేసిపెట్టిన అమ్మ సంగతి చెప్పాలి. ఆమెది పక్క గూడెం. రోజూ కొండెక్కి దిగుతుంది, చిన్నప్పట్నుంచీ చోళ్ళే తింటుంది, గాలి స్వచ్ఛం, నీళ్ళు ఊటనీళ్ళు. బ్రోచర్‌లో ఉన్నవన్నీ ఆమెకి పుట్టుకతోనే ఉన్నాయి. మీకు ఏ రోగాలూ రావేమో అన్నాను, ఏదో గొప్పగా మెచ్చుకుంటున్నట్టు. నవ్వింది. "మా కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి కిందికి దింపేం బాబూ. రోడ్డు కాడికి వచ్చేసరికి తెల్లారిపోయింది" అంది.

ఏజెన్సీలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణుల్ని కర్రకి దుప్పటి కట్టి మోసుకొచ్చే వార్తలు మనం ఎన్నేళ్ళుగా చదవడం లేదు? మనం సరదాకి ఎక్కిన కొండని వాళ్ళు ప్రాణం కోసం దిగుతున్నారు, దిగి వెళ్ళేది ఇంగ్లీషు మందుల ఆసుపత్రికే. ప్రకృతి ఒళ్ళో పుట్టినామె డాక్టరు కావాలంటోంది. గచ్చిబౌలి నుంచి వెళ్ళినవాడు డాక్టరొద్దంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

సరే, కోచ్‌ని తిట్టి ఊరుకుంటే సగం పనే అవుతుంది. ఆ మెయిల్ పంపినవాళ్ళ సంగతేంటి?

2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉంది. మన ఊరు, మన ఉద్యోగం, మన లివరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్కగట్టిన ప్రకారం, వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవాళ్ళకి 35-40 గంటలు పనిచేసేవాళ్ళకంటే స్ట్రోక్ ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మా రిలీజు నెలలో మా టెస్ట్ లీడ్ ఎన్ని గంటలు చేశాడో టైమ్‌షీట్‌లో ఉంది. ఆ టైమ్‌షీట్ అప్రూవ్ చేసిన చెయ్యే రిట్రీట్ బిల్లు కూడా అప్రూవ్ చేసింది.

పోనీ ఇలాంటి వెల్‌నెస్ కార్యక్రమాల వల్ల లాభమేమైనా ఉందా? ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో 46,336 మంది ఉద్యోగుల సర్వే సమాచారం తీసుకుని 2024లో ప్రచురించాడు. మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులు, ఒత్తిడి తట్టుకునే ట్రైనింగులు, యాప్‌లు, ఇలాంటివాటిలో పాల్గొన్నవాళ్ళు పాల్గొననివాళ్ళకంటే మెరుగ్గా ఏమీ లేరు. మార్చాల్సింది పనినే గానీ పనివాడిని కాదని ఆయన వాదన.

మనకి ఇది తెలియని విషయమా? అప్లికేషన్‌లో మెమరీ లీక్ ఉంటే ఏం చేస్తాం? ఆదివారం రాత్రి రీస్టార్ట్ చేస్తాం. సోమవారం పరుగులు పెడుతుంది. శుక్రవారానికి మళ్ళీ పడుకుంటుంది. రీస్టార్ట్‌ని పరిష్కారమని రాసిస్తే ఏ మేనేజరైనా ఒప్పుకుంటాడా? మా మీద మాత్రం ఒప్పుకుంటారు. రిట్రీట్ అంటే యుద్ధంలో వెనక్కి తగ్గడం. మూడు రోజులు తగ్గి, నాలుగో రోజు అదే యుద్ధంలోకి దూకాం. వచ్చిన రోజు రాత్రే తొమ్మిదిన్నరకి క్లయింట్ కాల్, పదిన్నరకి కంపెనీ ఖాతాలో బిర్యానీ.

ఆ కొండమీద మాకు మంచి చేసినవి ఏమిటో ఓసారి చూడండి. నిద్ర, నడక, వేళకి తిండి, మోగని ఫోను. వీటిలో అరకులోనే దొరికేది ఒక్కటైనా ఉందా? వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే రోజుకి అరగంట, అయిదు రోజులు. రాగులు మోండా మార్కెట్లో కూడా దొరుకుతాయి. దొరకనిది టైము. అది కంపెనీ దగ్గరుంది, ఇవ్వదు. బదులుగా మేఘాలు చూపిస్తుంది.

మా మేనేజర్‌కి నేను రాసిచ్చినవి ఇవి. వచ్చే ఏడు రిట్రీట్ మాకొద్దు. తొమ్మిదిమందికి ఆ డబ్బు లక్షా అరవై ఆరు వేల అయిదొందలు. దాంట్లో కొంత పెట్టి ఫ్లోర్‌కి ఓ బీపీ మెషీన్ కొనండి. ఆన్‌కాల్ ఇద్దరి మీద కాకుండా ఆరుగురి మీద తిప్పండి. రాత్రి కాల్ తీసుకున్నవాడిని మర్నాడు మధ్యాహ్నం దాకా పిలవకండి. ఆరోగ్యం పేరుతో ఎవరినైనా పిలిచి మాట్లాడించేటప్పుడు, మందులు మానమనే హక్కు వాళ్ళకి లేదని ముందే రాయించుకోండి. జవాబు ఇంకా రాలేదు. 'మంచి సూచనలు' అని మాత్రం అన్నాడు.

అరకు వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. మీ సెలవు మీద, మీ పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. అంబలి తాగండి. మాత్రల డబ్బా మాత్రం సంచిలో పెట్టుకెళ్ళండి. పక్కవాడికెవరైనా మానెయ్యమని చెబుతుంటే నాలా చప్పట్లు కొట్టకుండా, లేచి నిలబడి "ఏ డేటా చూసి చెప్తున్నారండీ?" అని అడగండి. రోజూ ఆఫీసులో మనం అడిగే ప్రశ్నే కదా. ఆరోజు నాకెందుకో నోరు పెగల్లేదు.