మాట ముందు, అక్షరం తరువాత

ప్రతి సంవత్సరమూ ఆగస్టు 29వ తేదీన తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాము. ఆనాడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చిత్రపటానికి పూలమాల వేసి, వ్యావహారిక భాషోద్యమ పితామహుడని, తెలుగు వచనాన్ని గ్రాంథికపు సంకెళ్లనుండి విడిపించిన వీరుడని వక్తలు కీర్తిస్తారు. ఆ కీర్తనలో అతిశయోక్తి ఏమీ లేదు. కాని ఆ సభలలో అరుదుగా వినవచ్చే సత్యం మరొకటి ఉన్నది. పంతులుగారు తెలుగుకోసం కలం పట్టకముందే తెలుగు కాని ఒక భాషకోసం నడుము కట్టారు. ఆ భాష సవర.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో ఆయన దృష్టి సమీపపు కొండలలోని సవరలమీద పడినది. వారి భాషకు వ్రాత లేదు. వారి పిల్లలకు బడి లేదు. ఆ భాష తెలిసినవారిని ఇంట పెట్టుకొని, ఒక్కొక్క మాటా అడిగి వ్రాసుకొని, పంతులుగారు సవర నేర్చుకొన్నారు. సవర పిల్లలకు సవరలోనే వాచకాలు కూర్చారు. స్వంత సొమ్ముతో బడి నడిపారు. ఆ కృషి ఫలితంగా 1931లో సవర వ్యాకరణమూ, 1938లో సవర నిఘంటువూ వెలువడినవి. 1940లో కన్నుమూసేవరకు ఆ భాష ఆయనను వదలలేదు. మాట్లాడే మాటకూ చదివే మాటకూ మధ్య అగాధం ఉండరాదన్న సూత్రాన్ని ఆయన తెలుగు విషయంలో వాదించి గెలిచారు. సవర విషయంలో వాదించకుండానే ఆచరించి చూపారు. తెలుగువారు మొదటిదానిని స్వీకరించి రెండవదానిని మరచిపోయారు.

ఆ మరపు ఫలితం ఏమిటో ఏజెన్సీలోని ఏదో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లి చూస్తే బోధపడుతుంది. ఒకే గది, ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు, నేలమీద కూర్చున్న పాతికమంది పిల్లలు. వారిలో కొందరి ఇంట కువి, కొందరి ఇంట కొండ భాష, మరి కొందరి ఇంట ఆదివాసీ ఒరియా. మైదానంనుండి బదిలీపై వచ్చిన ఉపాధ్యాయునికి ఈ మూడింటిలో ఒక్కటీ రాదు. గోడమీది పటంలో 'ఋ' పక్కన గడ్డం పెంచిన ఋషి, 'ఐ' పక్కన నాలుగు దంతాల ఐరావతం. గురువు పలుకుతాడు, పిల్లలు పలుకుతారు. బయటనుండి వినేవారికి అది చదువువలెనే వినిపిస్తుంది. ఆరు నెలలు గడచినా ఆ పిల్లవాడు స్వయంగా ఒక్క వాక్యం చదువలేకపోతే, 'మందబుద్ధి' అని ఒక మాట పుస్తకంలో చేరుతుంది. ఇంటివద్ద మేకలమందను లెక్క తప్పకుండా తోలుకు వచ్చే పిల్లవాడు, పాతిక చెట్ల పేర్లు, వాటి గుణాలు చెప్పగల పిల్లవాడు, బడి గడప దాటగానే మందబుద్ధి ఎట్లా అయినాడన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు.

చదవడం అంటే ఏమిటి? గీతను ధ్వనిగా మార్చడం అందులో సగం మాత్రమే. 'నీ', 'రు' అని విడివిడిగా కూడబలుక్కొన్న తెలుగు పిల్లవానికి రెండూ కలిసిన క్షణంలో ఇంట రోజూ విన్న మాట చెవిన పడుతుంది. కాగితంమీది గీత కుండలోని నీటిని చూపుతుంది. ఆ మెరుపే అక్షరాస్యత. ఆ మాట ముందే తెలియని పిల్లవానికి 'నీ', 'రు' కలిసినా 'నీరు' అన్న ధ్వనే మిగులుతుంది, అర్థం పుట్టదు. అతడు రెండు కొత్త విద్యలను ఒకేసారి నేర్వవలసి వస్తున్నది: తెలియని భాష, తెలియని లిపి. ఒకదానికి ఆసరాగా నిలువవలసిన రెండవది తానే కూలిపోతున్నది.

అన్ని భాషలదీ ఒకే దూరం కాదు. గోండి, కోయ, కువి, కొండ భాషలు ద్రావిడ కుటుంబంలో తెలుగుకు దగ్గరి చుట్టాలు. గోండిలో 'ఏర్' అంటే నీరు. తెలుగులో ఏరు అంటే నీరు పారే వాగు. గోండిలో 'కై' అన్నది తెలుగులో 'చేయి' అయినది. తెలిసిన గురువు ఈ చుట్టరికాన్ని పట్టుకొని పిల్లవానిని ఒక భాషనుండి మరొక భాషలోకి చేయిపట్టి నడిపించగలడు. తెలియని గురువు అదే 'ఏర్' అన్న మాటను తప్పుగా పలికిన తెలుగుగా భావించి దిద్దబోతాడు. సవర అట్లా కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో దానికి రక్తసంబంధమే లేదు. దీర్ఘకాలపు ఇరుగుపొరుగుతనం మాత్రమే ఉన్నది. తెలుగు పిల్లవాడే నోరు తిరగక ఇబ్బందిపడే 'ఖ', 'ఠ', 'ఢ'లను సవర బాలునిచేత మొదటి నెలలోనే వల్లె వేయించడంలో ఏ ప్రయోజనం ఉన్నదో వర్ణమాలను పూజించేవారే చెప్పవలె.

శాసనాల లోపం ఇక్కడ లేదు. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినది. అదేనాడు అమలులోకి వచ్చిన ఏడవ రాజ్యాంగ సవరణ 350-ఎ అధికరణాన్ని చేర్చినది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించవలెనని దాని భావం. భాష పేరిట రాష్ట్రం పొందిననాడే ఇతరుల భాషలపట్ల బాధ్యత కూడ మెడమీద పడినదన్నమాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన జరగవలెనన్నది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదవ తరగతివరకు, వీలైనచోట, ఇంటిభాషే మాధ్యమం కావలెనన్నది. 'సాధ్యమైనంతవరకు', 'వీలైనచోట' అన్న రెండు మాటల చాటున సాధ్యమైనవి ఎన్నో అసాధ్యమైపోయినవి.

ప్రయత్నాలు జరగలేదనడం అన్యాయం. 1943లో నిజాం రాజ్యంలో, ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గ్రామంలో, హైమండార్ఫ్ పూనికతో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం వెలసినది. గోండిలో వాచకాలు తయారైనవి. గోండు యువకులే గోండు పిల్లలకు గురువులైనారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషలలో, 240 పాఠశాలలలో, బహుభాషా విద్యను ఆరంభించినది. ఆ భాషలను తెలుగు లిపిలోనే వ్రాసి, ముందు ఇంటిభాషలో చదువు నేర్పి, క్రమంగా తెలుగులోకి మళ్లించడం దాని పద్ధతి. లిపి ఒకటే కనుక మొదట పడిన శ్రమ వృథా కాదు. రెండవ భాషకు అదే పెట్టుబడి అవుతుంది. ఆలోచనలో లోపం లేదు. ఇటువంటి పథకాల బలమంతా ఆ భాష వచ్చిన గురువు ఆ బడిలో నిలవడంలో ఉన్నది. గురువు బదిలీ అయి, వాచకం వేళకు అందకపోతే ఎంత మంచి ఆలోచన అయినా కాగితంమీదనే మిగులుతుంది.

ఆక్షేపణలు లేకపోలేదు. వాటిని తేలికగా త్రోసివేయరాదు. 'మా భాష మాకు ఇంటివద్ద వస్తుంది. బడికి పంపేది సంతలో మోసపోకుండా, కచేరీలో బెదరకుండా ఉండడానికి. మా పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు నేర్పండి' అని గిరిజన తల్లిదండ్రులే అంటారు. ఆ కోరిక న్యాయమైనది. దానిని కాదనడానికి ఎవరికీ అధికారం లేదు. కాని గమ్యం వేరు, మార్గం వేరు. తెలుగు బాగా రావలెనంటేనే మొదటి రెండు మూడు సంవత్సరాలు పిల్లవానికి తెలిసిన మాటతో చదువు మొదలుకావలె. మెట్టు ఎక్కించడమంటే మెట్టుమీదనే కూర్చోబెట్టడం కాదు. ఒకే గదిలో మూడు భాషలుంటే ఏది ఎన్నుకోవలెనన్నది మరొక ఆక్షేపణ. అది నిజమైన చిక్కే. దానికి జవాబు మూడింటినీ మానివేయడం మాత్రం కాదు.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఆంగ్ల మాధ్యమపు ఉత్తర్వులు వెలువడినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడూ, 2022–23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించినప్పుడూ పత్రికలలో, సభలలో వాదోపవాదాలు హోరెత్తినవి. తెలుగా, ఇంగ్లీషా అన్నదే ప్రశ్న. ఈ రెండూ పరాయివే అయిన పిల్లవాడు ఒకడున్నాడన్న స్పృహ ఆ హోరులో వినబడినది తక్కువ. తెలుగు మాతృభాష గనుక తెలుగులో చెప్పవలెనని వాదించిన నోటితోనే, కువి పిల్లవానికి కువి కూడ మాతృభాషేనని చెప్పకపోతే ఆ వాదంలో న్యాయం సగమే మిగులుతుంది.

ఈ నీతి తెలుగువారికి అనుభవపూర్వకంగా తెలియనిది కాదు. 2006లో తమిళనాడు ప్రభుత్వం పాఠశాలలలో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం చేసినప్పుడు హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారు తమ పిల్లల తెలుగు ఏమవుతుందని ఆవేదన చెందారు. ఆ ఆవేదనకు ఇక్కడి తెలుగువారు సానుభూతి చూపారు. హోసూరులో న్యాయమైనది సీతంపేటలోనూ, ఉట్నూరులోనూ న్యాయమే కావలె.

చేయదగినవి దుస్సాధ్యమైనవి కావు. ఏజెన్సీకి వెళ్లే ప్రతి ఉపాధ్యాయునికి అక్కడి భాషలో ఆరు నెలల శిక్షణ ఇచ్చి, అది నేర్చినవారికి వేతనంలో గుర్తింపు ఉండవలె. ఆ ఊరి భాష వచ్చిన స్థానిక యువతీయువకులను మొదటి రెండు తరగతులలో సహాయకులుగా నియమించి, ఏటేటా తొలగించి మళ్లీ తీసుకొనే పద్ధతిని మానవలె. పలక చేతికి ఇచ్చేముందు కొన్ని నెలలు మాటకు, కథకు, పాటకు కేటాయించవలె. మొదటి వాచకంలో ఐరావతానికి బదులు ఇప్పచెట్టు, ఋషికి బదులు విత్తులు చల్లే తాత కనిపించవలె. వీటన్నిటికన్నా ముందు, పిల్లవాడు తన మాట పలికితే నవ్వని గురువు కావలె. మాటను నవ్వులపాలు చేసినచోట పిల్లవాడు ముందు మాట మానుతాడు, తరువాత బడి మానుతాడు.

ఈ ఆగస్టులో కూడ గిడుగువారి పటానికి పూలమాలలు పడతాయి. పడవలసినవే. ఆ పూలమాలలకు అయ్యే ఖర్చుతో ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క కొండబడికి సవర, కోయ, గోండి కథల పుస్తకాలు నాలుగేసి అచ్చు వేయించి పంపితే ఆయన స్మృతికి అంతకు మించిన అర్చన ఉండదు. పెద్ద భాష పెద్దరికం దానిలో ఎన్ని కావ్యాలున్నవన్న దానినిబట్టి మాత్రమే తేలదు. తన నీడన ఉన్న చిన్న భాషలు ఎంత నిర్భయంగా నోరు విప్పుతున్నవన్న దానినిబట్టి కూడ తేలుతుంది.