బెజవాడ నడిబొడ్డున బాబాసాహెబు, బుడమేటి నీళ్లలో మనం

2024 జనవరి 19న బెజవాడ బందరు రోడ్డు మీద, స్వరాజ్య మైదానంలో బాబాసాహెబు విగ్రహాన్ని ఆవిష్కరించారు. 81 అడుగుల పీఠం, దాని మీద 125 అడుగుల విగ్రహం. చుట్టూ 18 ఎకరాల పైచిలుకు స్థలం. 400 కోట్లు దాటిన ఖర్చు. పల్లెల నుంచి బస్సులెక్కి వొచ్చిన మనోళ్లు మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూశారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్లను ఎగతాళి చేసే మేధావులతో మాకు పనిలేదు. పెద్దకులాల వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన తాతల మనవలు, మనవరాళ్లు వాళ్లు. సిటీ నడిబొడ్డున మన తండ్రి నిలబడ్డాడంటే గుండె నిండదా మరి?

అదే యేడాది సెప్టెంబరు 1న బుడమేరు బెజవాడ మీద పడింది. మళ్లింపు కాలవకి గండ్లు పడి నీళ్లన్నీ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, జక్కంపూడి వైపు వొచ్చాయి. పీకల్లోతు నీళ్లలో జనం రోజుల తరబడి మేడల మీద కూర్చుని పాల ప్యాకెట్టు కోసం, మంచినీళ్ల సీసా కోసం చేతులు చాచారు. మునిగినవాటిలో వాంబే కాలనీ ఒకటి. వాంబే అంటే యేదో బొంబాయి పేరనుకునేరు. వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన. 2001లో కేంద్రం పెట్టిన యిళ్ల పథకం పేరు అది. అంటే బాబాసాహెబు పేరు బెజవాడలో రెండు చోట్ల వుంది. ఒకటి బందరు రోడ్డు మీద లైట్ల వెలుగులో. రెండోది బుడమేటి ముంపులో.

ఈ రెండిటినీ ఎవరికి వాళ్లు విడివిడిగా మాట్లాడుతున్నారు. విగ్రహం గురించి ఒక పార్టీ, వరద గురించి యింకో పార్టీ. మేం కలిపే మాట్లాడతాం. ఎందుకంటే రెండూ ఒకే పనికి రెండు కొసలు. సిటీ సెంటరుని బాగు చేయడం, సెంటర్లో వున్న పేదోణ్ణి అంచుకి తోలడం అనేదే ఆ పని.

సిటీ గొడవ పల్లెల్లో వున్న మనకెందుకు అని అడిగే అన్నలు, అక్కలు వుంటారు. మనకే ఎక్కువ కావాలి. భూమి లేనోళ్లంతా సేద్యం మీదే పడి వుంటే లాభం లేదు, పరిశ్రమలు రావాలి, జనం అటు మళ్లాలి అని బాబాసాహెబు 1918లోనే చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో వాదించాడు. 1948లో రాజ్యాంగ సభలో పల్లెని పొగిడేవాళ్లని నిలబెట్టి కడిగాడు. ఆయన చెప్పింది మన అనుభవంలో రుజువైంది కూడా. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని నరికి చంపితే మనోళ్లు ఎక్కడికి నడిచారు? చీరాలకి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కితే ఎక్కడ తలదాచుకున్నారు? తెనాలిలో. పట్నం స్వర్గమని కాదు. పట్నంలో హోటలు వాడు గ్లాసు వేరు పెట్టడు. కాని యిల్లు అద్దెకి అడిగితే మాత్రం ‘మీరేవిట్లు?’ అంటాడు. అయినా సరే, ఒక రాత్రి ప్రాణం అరచేత పట్టుకుని పరిగెత్తడానికి మనకొక దిక్కు వుండాలి. ఆ దిక్కే పట్నం. ఆ పట్నంలో నిలబడే చోటు పోతే పల్లెలో పెత్తందారు మీసం యింకో అంగుళం పెరుగుతుంది.

ఇంతకీ బెజవాడ డబ్బు ఎక్కడిది? ఆకాశం నుంచి రాలేదు. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజి వొచ్చింది. కాలవల కింద రెండు పంటలు పండాయి. పొలం పెద్దకులాలది, నాట్లూ కలుపూ కోతా మాలమాదిగలది. ఆ మిగులు రైసు మిల్లయింది, లారీ అయింది, గాంధీనగర్లో సినిమా ఆఫీసయింది, తర్వాత కార్పొరేట్ కాలేజీ, ఆస్పత్రి అయింది. ఇప్పుడు అమరావతి పేరు చెప్పి రియల్ ఎస్టేటు అయింది. వన్ టౌన్లో టోకు వ్యాపారం పాత వ్యాపార కులాల చేతిలో వుంది. మన చేతిలో యేముంది? హమాలీ కొక్కెం, తోపుడు బండి, చీపురు, తాపీ, ఆటో హ్యాండిలు. ఏ బజారుకి పోయినా సరుకు మోసేది మనోళ్లే, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మాత్రం వేరే కులపోడు. డెల్టా చేలల్లో వొంచిన నడుమే యిక్కడ మార్కెట్లోనూ వొంగి వుంది. ఊరు మారింది గాని పని మారలేదు.

మున్సిపాలిటీ పనివాళ్ల సంగతి చూడండి. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్ లో పదిలక్షలు దాటిన నగరాల్లో బెజవాడకి దేశం మొత్తం మీద మూడో ర్యాంకు వొచ్చింది. శాలువాలు ఎవరు కప్పించుకున్నారో చెప్పక్కర్లేదు. ర్యాంకు తెచ్చింది మాల, మాదిగ, రెల్లి ఆడోళ్ల చేతులు. వాళ్లలో చాలామంది పర్మినెంటు కాదు. 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగారు. సంక్రాంతి ముందు చెత్త గుట్టలు లేచాయి. పదహారు రోజులకి, 21 వేల జీతం దగ్గర, సమ్మె ముగిసింది. అది ముగిసి పది రోజులైనా కాకముందే విగ్రహావిష్కరణ. ఆ ఆవరణ వూడ్చిన చీపుళ్లు సమ్మె నుంచి తిరిగొచ్చిన చీపుళ్లే. ఎవరైనా గుర్తు చేశారా? మ్యాన్‌హోల్లో దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు యివ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న చెప్పింది. ఆ తీర్పు కాయితం జిరాక్సు తీయించి ప్రతి పేటలో ఒకళ్ల దగ్గర పెట్టండి, అవసరపడుతుంది.

ఇక బజారు. బీసెంట్ రోడ్డు తెలియనివాళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వుండరు. పండగొస్తే మన పల్లెల నుంచి పిల్లల బట్టలకి, గాజులకి, చెప్పులకి అక్కడికే వొస్తాం. అద్దాల షాపులోకి వెళ్లడానికి జంకే మనిషి బండి మీద బేరమాడి కొంటాడు. అమ్మేదీ పేదోళ్లే, కొనేదీ పేదోళ్లే. కొన్నాళ్లకొకసారి ట్రాఫిక్కనో, అందమనో ఆ బళ్ల మీద పడతారు. లారీ తెస్తారు, కాటా లాక్కుంటారు, పళ్ల గంప తిరగేస్తారు. ఒక కారు ఆగే చోటులో రెండు బళ్లు పడతాయి. కారు మాత్రం అడ్డం కాదు, బండి అడ్డం. అయిదంతస్తుల షాపు కట్టి కింద పార్కింగు స్థలాన్ని కూడా గొడౌను చేసుకున్నవాడు ఆక్రమణదారుడు కాదు, నాలుగడుగుల తట్ట పెట్టుకున్న రెల్లి ముసలమ్మ ఆక్రమణదారు. ఆశీలు వసూలు చేసేటప్పుడు మాత్రం ఆమె వ్యాపారస్తురాలే! పొద్దున తొమ్మిది వందలు యిచ్చి సాయంత్రానికి వెయ్యి గుంజే వడ్డీవాడికీ ఆమె వ్యాపారస్తురాలే.

చట్టం వుంది. వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచి అమల్లో వుంది. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు యిచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు అంటుంది అది. లేపాలంటే ముప్ఫై రోజుల నోటీసు యివ్వాలి. సరుకు పట్టుకుంటే లిస్టు రాసి యివ్వాలి. కుళ్లే సరుకైతే అదే రోజు, కుళ్లనిదైతే రెండు పనిరోజుల్లో తిరిగి యివ్వాలి. యాభై యేళ్లకు పైగా నడుస్తున్న బజారుని వేరే చోటికి మార్చకూడదు. జనాభాలో నూటికి రెండున్నర మంది దాకా అమ్మకందార్లకు చోటు చూపాలి. 2011 లెక్కల్లోనే బెజవాడ జనాభా పది లక్షలు దాటింది. అంటే పాతిక వేల మందికి పైగా. టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మంది ఎన్నికైన వీధి వ్యాపారులే వుండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలకు తగిన వాటా. ఇన్ని మాటలు చట్టంలో రాసి వుంటే లారీ ఎక్కి వొచ్చే ఉద్యోగికి ఒక్కటీ నోట రాదు. పోనీ మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? విగ్రహం కులాల మీద సెక్షన్లు వల్లెవేసే మన నాయకులు ఈ చట్టం చేతపట్టుకుని బీసెంట్ రోడ్డులో కూర్చున్న రోజులు బహు తక్కువ. 2020లో పది వేల అప్పుతో మొదలైన కేంద్ర పథకం మాత్రం అందరికీ తెలుసు. అప్పు యిచ్చే సర్కారే, బండి పెట్టే చోటు లాక్కుంటే వాయిదా ఎక్కణ్ణుంచి కట్టేది?

ఇళ్ల సంగతికొద్దాం, అసలు కీలకం అక్కడుంది. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ — మూడు కాలవల గట్ల మీదా, కొండల మీదా బెజవాడ పేదలు గుడిసెలేసుకున్నారు. ఎందుకక్కడే? పని సెంటర్లో వుంది గనక. తెల్లారి నాలుగింటికి మార్కెట్లో దిగాల్సిన హమాలీ, అయిదింటికి వీధి వూడవాల్సిన మనిషి నడిచి పోయేంత దూరంలోనే బతకాలి. కాలవ గట్టు సుందరీకరణ అన్నారు, రోడ్ల వెడల్పన్నారు, 2016 పుష్కరాలన్నారు. ప్రతిసారీ కొంతమంది గట్టు దిగి శివార్లకి పోయారు. వాంబే కింద, 2005లో మొదలైన జె.ఎన్.ఎన్.యు.ఆర్.ఎం. కింద యిళ్లు ఎక్కడ కట్టారు? సింగ్ నగర్ అవతల, జక్కంపూడిలో. అక్కడ భూమి ఎందుకు చవక? బుడమేరు పొంగితే మునిగే భూమి గనక. 2005లో కూడా మునిగింది. తెలియక కట్టలేదు. బస్సు ఛార్జీ పెరిగింది, ఆడోళ్ల యిళ్లలో పని పోయింది, పిల్లల బడి మారింది. వీటన్నిటి మీదా 2024లో నీళ్లు వొచ్చాయి.

కట్టడం చేతకాదా వీళ్లకి? చేతవును. అదే సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వొదిలారు. అయినా నది పక్కనే వున్న కృష్ణలంక నిలబడింది. కారణం అక్కడ కట్టిన గోడ. అది మంచి పని, ఏ పార్టీ ఎంత కట్టిందన్న పంచాయితీ మాకొద్దు. జనం యేళ్ల తరబడి అడిగితే వొచ్చిన గోడ అది. కాని గోడ వొచ్చాక కృష్ణలంకలో గజం ధర పెరుగుతుంది. ఇప్పటిదాకా ప్రతి వరదకీ మూటాముల్లె సర్దుకున్న పేదోడు, వరద రాని కృష్ణలంకలో అద్దె కట్టుకోగలడా? పట్టాలున్నోళ్లు ఎంతమంది, లేనోళ్లు ఎంతమంది అనే లెక్క యిప్పుడే తీయాలి, కొనేవాడు వొచ్చాక కాదు.

స్వరాజ్య మైదానం కథ కూడా యిదే. రైతు బజారు, పుస్తకాల పండగ, ఎగ్జిబిషన్లు, సంఘాల సభలు జరిగిన నేల అది. ఎర్రజెండా వాళ్లూ మనమూ మైకులు కట్టిన నేల. ఒక ప్రభుత్వం అక్కడ చైనా కంపెనీతో సిటీ స్క్వేరు కడతానంది. బాబాసాహెబుని అమరావతిలో ఐనవోలు దగ్గర పెడతానంది. ఆ తర్వాతి ప్రభుత్వం మైదానంలో విగ్రహం పెట్టింది. ఏ ప్రభుత్వమైనా ఆ నేల ఏం కావాలో మనల్ని కూర్చోబెట్టి అడిగిందా? అయినా మాల్ రావాల్సిన చోట బాబాసాహెబు వొచ్చాడు గనక మాకు సంతోషమే. సంతోషం వుంది గనకే అడుగుతున్నాం: ఆయన కాళ్ల దగ్గర నిలబడి చూస్తే బందరు రోడ్డు పొడవునా ఎన్ని షాపుల మీద మనోళ్ల పేరుంది?

అభివృద్ధికి అడ్డం పడుతున్నారంటారు. ఫుట్‌పాత్ బాగుపడితే ముందు సుఖపడేది నడిచిపోయే మనమే. మురిక్కాలవ మూస్తే దోమలు కుట్టనిదీ మననే. మాకు బాగు చేయడంతో తగువు లేదు, బాగు చేశాక మనం అక్కడ వుండమన్న దానితో తగువు.

వొచ్చే ఏప్రిల్ 14కి దండలు తీసుకుని బస్సుల్లో బెజవాడ బయల్దేరే సంఘాలన్నీ ఒక అర్జీ కూడా తెచ్చుకోండి. సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ని అడగాల్సినవి యివి. మున్సిపల్ షాపు గదులు మొత్తం ఎన్ని, ఎస్సీ ఎస్టీల పేరు మీద ఎన్ని, ఆ గదుల్లో నిజంగా కూర్చున్నదెవరు. మనోడి పేరుతో లీజు తీసుకుని, నెలకింత పడేసి, వేరేవాడు వ్యాపారం చేసే చోట్లు వుంటాయి, వాటిని వేలెత్తి చూపించాలి. వెండింగ్ కమిటీ ఎన్నిక ఎప్పుడు జరిగింది, సభ్యులెవరు, సర్వేలో బీసెంట్ రోడ్డు వాళ్లు ఎంతమంది. కాలవ గట్ల మీద యిప్పుడున్న కుటుంబాల లిస్టు, వాళ్లని లేపే ఆలోచన వుంటే యిల్లు ఎక్కడ. సెంటరుకి మూడు కిలోమీటర్ల లోపు ప్రభుత్వ భూమి ఎంత, అది ఎవరికి లీజులో వుంది. వాంబే కాలనీ, జక్కంపూడి యిళ్లకు బుడమేరు నుంచి రక్షణ పని ఎంత దాకా వొచ్చింది. చీరాల, తెనాలి, గుడివాడ, ఏలూరు మిత్రులు తమ మున్సిపాలిటీల్లో యివే ప్రశ్నలు వేయొచ్చు. జవాబు ముప్ఫై రోజుల్లో రావాలి. వొచ్చిన కాయితాలు మాకు పంపితే ఈ పేజీల్లోనే అచ్చేస్తాం.