రాత్రికి రాత్రి ఉత్తర్వులు

కాకినాడ లంగరు రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. బియ్యం బస్తాలే బార్జీలెక్కి సముద్రంలోకి పోయి ఓడను చేరుకుంటాయి. అక్కడి నుంచి ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి బెనిన్, టోగో, సెనెగల్, ఐవరీ కోస్ట్ రేవుల్లో దిగుతాయి. పండించేదీ తినేదీ వర్ధమాన దేశాలే; లెక్క తేల్చుకునేది మాత్రం ఇప్పటికీ డాలర్లలోనే. 1955లో బాండుంగ్‌లో కలుసుకున్న ఆసియా, ఆఫ్రికా దేశాలు కోరుకున్నదీ, 1964లో ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సదస్సు (అంక్టాడ్) స్థాపనకు ప్రేరణగా నిలిచినదీ ఇటువంటి వాణిజ్యమే. పాత పాలక దేశాల ప్రమేయం లేకుండా మనలో మనం సరుకు ఇచ్చిపుచ్చుకోవాలన్నది నాటి ఆకాంక్ష. అది చాలావరకు నెరవేరింది. అయితే ఆ వాణిజ్యానికి నేడు ఎదురవుతున్న ప్రమాదం సంపన్న దేశాల నుంచి మాత్రమే వస్తున్నది కాదు. మనలో మనం చేసుకుంటున్నది కూడా ఉంది.

2022వ సంవత్సరాన్నే తీసుకుందాం. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక కుంటుపడిన వేళ, ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని నిషేధించింది. వంటనూనెల అవసరంలో సగానికి పైగా దిగుమతుల మీదే నెట్టుకొస్తున్న మన దేశం కలవరపడింది. ముందు చెప్పకుండా ఇలా చేయడమేమిటని ఇక్కడి వ్యాపార వర్గాలు వాపోయాయి. ఆ నిషేధం నాలుగు వారాలైనా నిలవలేదు. నూనె ట్యాంకులు నిండిపోయి, గెలలు కొనే నాథుడు లేక, అక్కడి చిన్న రైతులే రోడ్డెక్కవలసి వచ్చింది. మే 23న నిషేధం తొలగిపోయింది.

ఆ పాఠం మనకు నాలుగు నెలలు గుర్తున్నట్టు లేదు. సెప్టెంబర్ 8న ఉత్తర్వు వెలువడింది. మర్నాటి నుంచే నూకల ఎగుమతి నిషిద్ధం. మన ఇళ్లలో నూకలంటే జావకో, ఉప్మాకో, కోళ్ల దాణాకో పనికివచ్చే సరుకు. సెనెగల్‌లో అవి విందు భోజనం. ఫ్రెంచి వలస పాలకులు ఇండోచైనా నుంచి తెచ్చి అలవాటు చేసిన నూకలతోనే అక్కడి జాతీయ వంటకమైన చేపల అన్నం వండుతారు. ఆ ఏడాది మన నూకలను అత్యధికంగా కొన్నది చైనా అనీ, అది ప్రధానంగా దాణా కోసమేననీ, ఇక్కడ కోళ్ల పరిశ్రమకూ ఇథనాల్‌కూ కొరత వచ్చిందనీ చెప్పిన కారణాలలో నిజం లేకపోలేదు. అయినా దాణాకు కొనేవారినీ తిండికి కొనేవారినీ ఒకే గాటన కట్టిన ఉత్తర్వు అది. సెనెగల్, గాంబియా వంటి దేశాలకు ప్రభుత్వాల మధ్య ఒప్పందాలతో మినహాయింపు దక్కేసరికి నెలలు గడిచాయి.

2023 జూలై 20న బాస్మతీయేతర తెల్లబియ్యం వంతు వచ్చింది. ప్రపంచ బియ్యపు వాణిజ్యంలో దాదాపు 40 శాతం మనదే. అంతటి వాటాదారు ఒక్కరోజులో తలుపు వేస్తే ధర ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ బియ్యపు ధరల సూచీ 15 ఏళ్ల గరిష్ఠ స్థాయికి చేరింది. 2007-08లోనూ ఇదే జరిగింది: మనం ఆపాము, వియత్నాం ఆపింది, కొనుగోలుదారులు భయంతో ఎగబడ్డారు, హైతీలో ఆకలి అల్లర్లు చెలరేగాయి. ఆనాటి సంక్షోభానికి పంట కొరత కన్నా భయమే ఎక్కువ కారణం.

స్వదేశంలో ధరలు అదుపులో ఉంచడం పాలకుల ప్రథమ ధర్మమే. 80 కోట్ల మందికి ఉచిత రేషన్ ఇస్తున్న దేశం, ఎల్ నినో ముప్పు కనిపిస్తున్నప్పుడు నిల్వలు చూసుకోవడాన్ని ఎవరూ ఆక్షేపించరు. ఆక్షేపణ పద్ధతి మీదే. సుంకంతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా బిగించే మార్గముంది. గడువిచ్చే మార్గముంది. ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం 12వ అధికరణం కూడా అదే చెబుతోంది: ఆహార ఎగుమతులను నియంత్రించే దేశం దిగుమతిదారుల ఆహార భద్రతను పరిగణించాలి, వీలైనంత ముందుగా తెలియజేయాలి. వర్ధమాన దేశాలకు దీని నుంచి సడలింపు ఉన్నా, ఆ సరుకులో నికర ఎగుమతిదారులైనవారికి అది వర్తించదు. బియ్యం విషయంలో మనమెవరమో వివరించనవసరం లేదు.

తలుపు వేయడమనేది ఎగుమతిలోనే కాదు, దిగుమతిలోనూ ఉంది. 2015లో కందిపప్పు ధర కిలో 200 రూపాయలకు ఎగబాకినప్పుడు మన దేశం ఆఫ్రికా వైపు చూసింది. 2016లో మొజాంబిక్‌తో అవగాహన కుదుర్చుకుంది. మన పిలుపును నమ్మి అక్కడా, ఇతర దేశాల్లోనూ ఎందరో కంది వేశారు. మరుసటి ఏడు ఇక్కడ పంట విరగకాసింది. తాండూరు మొదలుకొని అన్ని మార్కెట్లలోనూ మద్దతు ధర దక్కక మన రైతు విలవిల్లాడాడు. 2017 ఆగస్టులో కందుల దిగుమతిపై పరిమితి వచ్చింది. మన రైతుకు ఆ రక్షణ అవసరమే. కానీ టాంజానియాలో, మయన్మార్‌లో మన కోసమే కంది పండించిన చిన్న రైతు దగ్గర ధర కుప్పకూలింది. అక్కడ పప్పుగా తినేవారు తక్కువ. అమ్ముకోవడానికి మరో పెద్ద మార్కెట్ లేదు.

మాట మీద నిలబడని అంగడికి రెండోసారి ఎవరూ రారు. 2024 సెప్టెంబర్‌లో తెల్లబియ్యంపైనా, 2025 మార్చిలో నూకలపైనా నిషేధం తొలగించేసరికి కొనేవారు థాయిలాండ్, వియత్నాం, పాకిస్థాన్‌ల వైపు మళ్లడం నేర్చుకున్నారు. 2025లో ఇండోనేషియా స్వయంసమృద్ధి నినాదంతో బియ్యం దిగుమతికి దూరం జరిగింది. అతిపెద్ద దిగుమతిదారైన ఫిలిప్పీన్స్ సెప్టెంబర్ 1 నుంచి కొంతకాలం దిగుమతులే ఆపింది. అంతర్జాతీయ ధర పడిపోయింది. ఆ నష్టం ఢిల్లీలో కనిపించదు. గోదావరి జిల్లాల మిల్లులో, కల్లంలో ధాన్యం దగ్గర కూర్చున్న కౌలు రైతు చేతిలో, బార్జీ కదిలితేనే కూలి దొరికే హమాలీ ఇంట్లో కనిపిస్తుంది.

వర్ధమాన దేశాలు పరస్పరం సుంకాలు తగ్గించుకోవాలని 1988లో బెల్‌గ్రేడ్‌లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని విస్తరిస్తూ 2010లో సంతకాలు పడినా, ఆమోదముద్రల కోసం ఏళ్ల తరబడి నిరీక్షణే మిగిలింది. సుంకం ఎంత తగ్గించాలన్న చర్చకైనా వేదిక దొరికింది. ఆకస్మిక నిషేధం గురించి ఈ దేశాల మధ్య చర్చకు అదీ దొరకలేదు.

కాబట్టి వాణిజ్య విధానాన్ని నిర్ణయించే అధికార వర్గం ముందుగా తనకు తానే కళ్లెం వేసుకోవాలి. ప్రధాన ఆహార ధాన్యాల ఎగుమతి నియంత్రణకు కనీస గడువు ఎంతో చట్టంలో రాయాలి. మన ధాన్యం మీద ఆధారపడిన పేద దేశాలకు కనీస వాటాను సంక్షోభం రాకముందే ఒప్పుకోవాలి. మానవతా సహాయ కొనుగోళ్లకు ఎగుమతి ఆంక్షలు అడ్డురాకూడదని 2022 జూన్‌లో జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు అంగీకరించిన సూత్రాన్ని ఈ దేశాలకూ వర్తింపజేయడం అసాధ్యమేమీ కాదు. చట్టసభలు ఇటువంటి ఉత్తర్వులను జారీ అయ్యాకనైనా సమీక్షకు పిలవాలి. రాష్ట్ర స్థాయి వ్యవసాయ, పౌర సరఫరాల యంత్రాంగాలు నిల్వల లెక్కలను నెలనెలా బయటపెట్టాలి; చీకట్లో తీసుకున్న నిర్ణయం భయంతోనే ఉంటుంది. పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి సంస్థలు కూడా ఒక్క రేవు మీదే ఆధారపడకుండా తమ ప్రాంతీయ నిల్వలను పెంచుకోవలసి ఉంది.

ఈ నిబంధనలు రాయడానికి అనువైన కాలం గోదాములు నిండి ఉన్న కాలమే. రుతుపవనం ముఖం చాటేసి, ధరలు ఎగిసి, ఎన్నికలు దగ్గరపడ్డాక ఏ అధికారీ గడువు గురించి మాట్లాడడు. అప్పుడు చేతికి అందేది మళ్లీ రాత్రి ఉత్తర్వే. మర్నాడు పొద్దున కాకినాడలో బార్జీలు బస్తాలతో సహా ఆగిపోతాయి.