బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు: కొనే అవకాశం లేకుండా చేయొచ్చా?

హైదరాబాద్ అమీర్‌పేటలో ‘అకడమిక్ ప్రాజెక్ట్స్’ బోర్డులు మీరు చూసే ఉంటారు. కోడ్, రికార్డు, పీపీటీ అన్నీ సిద్ధంగా ఉంటాయి. డబ్బు కడితే చాలు. తప్పు విద్యార్థులదే అనుకుంటాం. కానీ ప్రాజెక్టు కోర్సు నడిచే తీరు కూడా ఈ బేరానికి దారి చూపుతోంది.

నిబంధనల్లో ఏముంది?

ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు. వాటిలో ప్రాజెక్టు, సెమినార్, ఇంటర్న్‌షిప్‌లకు కలిపి 15. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో నాలుగో ఏడాది మేజర్ ప్రాజెక్టు రెండు దశల్లో సాగుతుంది. చివర్లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు వైవా ఉంటుంది. కాగితం మీద పెద్ద లోటేమీ లేదు.

లోపం ఎక్కడ?

చాలాచోట్ల రివ్యూ అంటే స్లైడ్లు చూపించడమే. వైవాలో ఒక్కో జట్టుకు దక్కేది కొద్ది నిమిషాలే. ఒకరు బాగా మాట్లాడితే మిగతావారూ గట్టెక్కుతారు. మార్కులు రికార్డుకే పడుతుంటే, రికార్డే కొంటారు.

ఎలా ఉండాలి?

1. నిజంగా వాడేవారు ఉండాలి: హాస్టల్ మెస్ లెక్కలు, ఊళ్లోని పాల కేంద్రం, పీహెచ్‌సీలో మందుల నిల్వ లాంటివి తీసుకోవచ్చు. 2017 నుంచి జరుగుతున్న స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో కేంద్ర మంత్రిత్వ శాఖలు ఇచ్చే సమస్యలనూ ఎంచుకోవచ్చు. వాడేవారి అభిప్రాయానికీ మార్కులుండాలి.

2. పని జాడ కనిపించాలి: గిట్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో నమోదవుతుంది. గైడ్ రెండు వారాలకోసారి దాన్ని చూసి, ఎవరి మార్కులు వారికి వేయాలి.

3. అక్కడికక్కడే మార్పు చేయించాలి: ‘ఈ ఫారంలో ఇంకో కాలమ్ చేర్చి చూపించు’ అని వైవాలో అడిగితే చాలు, సొంత పనో కాదో తేలిపోతుంది. చాట్‌జీపీటీ రాసిచ్చిన కోడ్‌కూ ఇదే పరీక్ష.

వీటికి కొత్త ల్యాబ్‌లు అక్కర్లేదు. కావాల్సింది అధ్యాపకుల సమయం. ఒక్కో గైడ్‌కు లెక్కకు మించి జట్లు అప్పగిస్తే ఇవేవీ సాగవు.

మీరేం చేయాలి?

విద్యార్థులైతే సెమిస్టర్ మొదట్లోనే గైడ్‌ను అడగండి: ఏ పనికి ఎన్ని మార్కులు, రివ్యూ ఎప్పుడెప్పుడు? మొదటి రోజు నుంచే కోడ్‌ను గిట్‌లో పెట్టండి. తల్లిదండ్రులైతే, ‘ప్రాజెక్టుకు డబ్బు కావాలి’ అని అడిగినప్పుడు దేనికో కనుక్కోండి. సర్వర్‌కో, సెన్సార్లకో అయితే సరే. క్యాంపస్ ఇంటర్వ్యూలో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ‘నీ ప్రాజెక్టు గురించి చెప్పు’. దానికి జవాబు ఏ దుకాణంలోనూ దొరకదు.