వంకను పారేటప్పుడు చూడండి!

ఎండాకాలంలో చూస్తే చిత్రావతైనా, పండమేరైనా ఉత్త ఇసుకే. అది చూసి పర్మిట్లు రాస్తే ఎట్లా? మన వంకలు పారేది ఎక్కువగా సెప్టెంబర్, అక్టోబర్‌లలో. అప్పుడు రండి. మడుగుల్లో ఎండ్రకాయలు, చేపపిల్లలు, కప్పలు, తూనీగ పిల్లపురుగులు లెక్కపెట్టండి.

కప్పల లెక్క రైతుకెందుకని నవ్వేవాళ్లున్నారు. కప్ప మన చేలో పురుగును తింటుంది. తూనీగ పిల్ల దోమపిల్లను తింటుంది. ఇసుక పోతే అవీ పోతాయి. నీరు ఇంకక పక్క బోర్లూ ఎండుతాయి. భూగర్భజలం దెబ్బతినే చోట ఇసుక తవ్వకాన్ని ఆపే అధికారం 2002 వాల్టా చట్టంలోనే ఉంది.

వంక పారేటప్పుడే, రైతుల ముందే సర్వే చేయాలి. ఆ లెక్క గ్రామసభలో చదవాలి. అంతదాకా ఒక్క ట్రాక్టరూ వంకలో దిగకూడదు!