పొయ్యి ఇచ్చారు సరే, గొట్టం ఊడ్చేదెవరు?

పేదింటికి మంచి పొయ్యి ఇవ్వాలన్న ఆలోచన మన దగ్గర పాతదే. వంటింటి పొగను గొట్టంతో బయటికి పంపే పొయ్యి గురించి హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌కు చెందిన ఎస్.పి.రాజు 1953లోనే పుస్తకం రాశారు. 1980లలో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టింది. 2002లో దాన్ని ఆపేసేనాటికి మూడున్నర కోట్ల దాకా పెట్టించామని లెక్క చెప్పింది. 1999లో దీపం, 2016లో ఉజ్వల, 2024లో అయిదు వందలకే గ్యాస్ బండ వచ్చాయి. అన్నింటిలోనూ పండుగ ఇచ్చిన రోజుదే. ఏడాది తిరిగాక ఆ పొయ్యి ఎలా మండుతోందని అడిగేవాళ్లు అరుదు. పొయ్యిని ఊడ్చి, తోమి, సరిచూసే పనిని కూడా పథకంలోనే లెక్కకట్టాలి, దానికి మనిషినీ కూలినీ కేటాయించాలి అన్నదే నా వాదన.

దీనికి ఆధారం పక్కనున్న ఒడిశాలోనే ఉంది. రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు అక్కడ 2,600 పైచిలుకు కుటుంబాలను నాలుగేళ్ల దాకా గమనించారు. గొట్టం ఉన్న మట్టి పొయ్యి పెట్టించిన మొదటి ఏడాది, వండేవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా చెరిగిపోయింది. మరమ్మతు లేక, సరైన వాడకం లేక ఆ పొయ్యిలు క్రమంగా మూలకు చేరాయి. దీన్ని చూపించి ఇలాంటి పొయ్యిలే దండగ అనేవాళ్లున్నారు. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తోంది. మొదటి ఏడాది పొగ తగ్గిందంటే పొయ్యి పనిచేసినట్టే. లోటు వచ్చింది దాన్ని చూసుకోవడంలో. ఆ లోటును చిన్నదిగా చూడలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 420 పల్లె ఇళ్లలో కొలతలు తీసి 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి రోజు సగటున 73 మైక్రోగ్రాముల సన్నని ధూళి ఉంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో అది 732 దాకా పోయింది.

సొంత పొయ్యిని శుభ్రం చేసుకోవడానికి కూడా సర్కారు మనిషి రావాలా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మట్టి పొయ్యిని మన ఆడవాళ్లు ఎన్నడూ నిర్లక్ష్యం చేయలేదు. పొద్దున్నే బూడిద ఎత్తి, ఎర్రమట్టితో అలికి, ముగ్గు పెట్టాకే అగ్గి రాజేసేవాళ్లు. పగులు కనిపిస్తే ఆ పూటే మెత్తేవాళ్లు. మట్టి పెరట్లోనే దొరికేది, పొయ్యి చేతికందేది, పని అమ్మ దగ్గర నేర్చుకున్నది. పొగగొట్టంతో ఈ మూడూ పోయాయి. అది పెంకులు దాటి, రేకులు దాటి పైకి పోతుంది. ఊడ్చాలంటే నిచ్చెన వేయాలి, పొడుగాటి బ్రష్ కావాలి. పచ్చికట్టె కాల్చేకొద్దీ లోపల మసి, జిగట తారు పేరుకుని దారి సన్నబడుతుంది, పొగ వెనక్కి తంతుంది. ఆ తారు అంటుకుంటే మంట కప్పు దాకా లేస్తుంది. విసిగిపోయి గొట్టాన్ని పీకేసిన ఇల్లాలిని తప్పుపట్టలేం. నల్గొండ వాళ్లకు ఈ సంగతి ఇంకో రూపంలో తెలుసు. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే ఉంది. కానీ పటికా సున్నమూ కొలిచి వేసి, అడుగున చేరిన మడ్డిని ఎత్తిపోసే మనిషి రోజూ ఉంటేనే ఆ పద్ధతి నిలుస్తుంది.

రేపు పెల్లెట్ పొయ్యిలు వస్తే ఈ పని ఇంకా పెరుగుతుంది. మిర్యాలగూడ మిల్లుల పక్కన ఊక గుట్టలు చూసినవాళ్లకు, దీన్ని గుళికలుగా ఒత్తి వంటకు వాడొచ్చు కదా అనిపించడం సహజం. చలిదేశాల్లో వాడే కలప పెల్లెట్లలో మంచిరకం కాలితే నూటికి ఒక పాలు కూడా బూడిద మిగలదు. మన ఊక కాలితే దాదాపు ఐదో వంతు బూడిదే, అందులో ఎక్కువ పాలు సిలికా. అక్కడ కొన్నాళ్లకోసారి చేసే పని ఇక్కడ రోజూ చేయాలి. మండే గిన్నె రంధ్రాలు బూడిదతోనో, గడ్డకట్టిన చిట్టెంతోనో పూడితే గాలి అందదు. మంట మందగించి, కంటికి కనిపించని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. బూడిద ఎత్తడంలోనూ జాగ్రత్త కావాలి. పైకి చల్లారినట్టున్నా లోపల నిప్పుకణిక గంటల తరబడి బతికే ఉంటుంది. పత్తి ఏరే రోజుల్లో మన పల్లెల్లో సగం ఇంటిని పత్తికుప్పే ఆక్రమిస్తుంది. అలాంటి ఇంట్లో బూడిదను గోనెసంచిలోకో ప్లాస్టిక్ బుట్టలోకో ఎత్తడం ఏడాది కష్టాన్ని నిప్పు పక్కన పెట్టడమే. మూత ఉన్న ఇనుప డబ్బాలో ఎత్తి, రాత్రంతా ఆరుబయట ఉంచాలి.

గ్యాస్ వచ్చాక ఇంకా ఈ ముచ్చటెందుకు అంటారు కొందరు. బండ ఉన్న ఇంట్లోనూ స్నానాల నీళ్లకు పత్తికట్టె, కందికట్టె మండుతూనే ఉన్నాయి. పైగా గ్యాస్ పొయ్యికీ ఇదే కథ. సురక్ష పైపుకు ఐదేళ్ల గడువు ఉంటుంది, దాని మీదే అచ్చువేస్తారు. దాన్ని చదివేవాళ్లు ఎందరు? నీలంగా ఉండాల్సిన మంట పసుపుబారి గిన్నె అడుగు నల్లబడుతోందంటే బర్నర్ తోమాలని అర్థం. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే నేలమీదే పరుచుకుంటుంది. లీకు అనుమానం వస్తే అగ్గిపుల్ల గీయకూడదు, సబ్బు నురగ పూసి బుడగలు చూడాలి. వాసన గట్టిగా వస్తే స్విచ్చులు ముట్టకుండా, రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయాలి.

ఖర్చు మాటకొస్తే, కొత్త పైపు ధర రాయితీ లేని ఒక్క బండ ధర కంటే తక్కువే. గొట్టం ఊడ్చే బ్రష్ ఊరికి రెండుంటే చాలు. కావాల్సింది మనిషి. ఊరూరా మహిళా సంఘాలున్నాయి. ఒక్కో సంఘం నుంచి ఇద్దరికి శిక్షణ ఇచ్చి, ఇంటికి ఇంత అని కూలి కట్టి, ఏడాదికి రెండుసార్లు ప్రతి వంటిల్లూ చూడమనాలి. రోజూ బూడిద ఎత్తడం, బర్నర్ తుడవడం ఇంటివాళ్ల పని, అందులో మగవాళ్ల వంతూ ఉంది. నిచ్చెన ఎక్కడం, పైపు మార్చడం, చిట్టెం కొట్టడం వచ్చినవాళ్ల పని. రెండు రాకల్లో ఒకటి మాత్రం తప్పకుండా దసరాకు ముందే జరగాలి. ఆ తర్వాత ఇంట్లోకి పత్తి వచ్చి పడుతుంది.